నెత్తురు తోడుకునే దాకా

గుంత

పళ్ల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను భయపడుతూనే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇంటికి వచ్చి, "మేడం, మొదట్లో మీకు భయం వేసేదా?" అని అడుగుతుంటారు. మొదట్లో వేయలేదు. తర్వాత వేసింది, ఇక పోలేదు. అది పోయిన రోజు చేతులు కడుక్కొని ఇంటికి వెళ్లిపోవాలని అనుకున్నాను. రిటైరయ్యే దాకా ఆ రోజు రాలేదు.

జనం కుర్చీని చూసి భయపడతారు, సూదిని చూసి, పటకారును చూసి భయపడతారు. మనం భయపడాల్సింది పన్ను బయటికి వచ్చాక మిగిలే గుంతకు. అందులోనూ కింది దవడ జ్ఞానదంతం. అది చిట్టచివర, దవడ మలుపులో, సగం ఎముకలో ఇరుక్కొని అడ్డంగా పడుకొని ఉంటుంది. చిగురు కోసి, కొంచెం ఎముక చెక్కితే గానీ రాదు. తీశాక చిటికెన వేలు దూరేంత గుంత. అందులో నెత్తురు నిండి, పేరుకొని, మూతలాగా కూర్చోవాలి. దాని కింద కొత్త కండ పుడుతుంది. కొన్ని వారాలకు చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది.

ఇందులో మన చేతిపని ఎంతసేపు? ఒక గంట అనుకోండి. మిగిలిందంతా మనిషి ఇంటికి పోయాక, మనం చూడని వంటింట్లో, మంచం మీద, మెట్టచెలకలో జరుగుతుంది. అక్కడికి మన చెయ్యి పోదు, మన మాట ఒక్కటే పోతుంది. ఆ మాట ఎట్లా పోతుందో, పోయి ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో మీకు అక్కర లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేదు.

శేషగిరి గారి దగ్గర

నేను జనగామ పిల్లను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి హైదరాబాదులో మా కాలేజీ మూతపడింది. ఊరేగింపుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకొని ఇంటికి వచ్చి కూర్చున్నాను. మా బాపు బడిపంతులు. నేను రోజంతా రేడియో ముందు కూర్చోవడం చూసి ఆయనకు విసుగొచ్చింది.

"కూసుండి తింటే చదివింది మర్చిపోతవ్. శేషగిరి డాక్టర్ దగ్గరికి పోయి పనన్న చూడు" అన్నాడు.

"ఆయన ఆంధ్రాయన గదా బాపూ."

"పన్నుకేం తెలుస్తది ఎక్కడోడు పీకుతుండో. పో."

శేషగిరి గారు కోస్తా నుంచి వచ్చి స్టేషన్ దగ్గర చిన్న పళ్ల దవాఖాన పెట్టుకున్న మనిషి. నేను ఆయన దగ్గర చేరడం మా వాడలో చాలామందికి నచ్చలేదు. ఆయనకు కూడా నేనంటే కొంత భయం ఉండేదనుకుంటాను. గొడవలు ముదిరిన నెలల్లో బోర్డు దింపి లోపల గోడకు ఆనించారు. తలుపు ఒక రెక్కే తెరిచేవారు. వీధిలో నినాదం వినపడితే చేతిలో సూది ఉన్నా సరే ఆగి, తల పక్కకు వంచి, అది దూరమయ్యే దాకా వినేవారు. భార్యనూ పిల్లలనూ వాళ్ల ఊరు పంపేశారు. తాను మాత్రం కదల్లేదు.

"మీరెందుకు పోలేదు సార్?" అని ఒకసారి అడిగాను.

"మొన్న పళ్లు తీసినవాళ్లు మానారో లేదో చూడకుండా ఎలా వెళ్తానమ్మా?" అన్నారు.

అది విన్నప్పుడు నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. మొండి మనిషి అనుకున్నాను. చదువు ముగించి, డెబ్బైల మొదట్లో మళ్లీ ఆయన దగ్గరే ఉద్యోగానికి చేరాను. ఆయన చెయ్యి బంగారం. పన్ను ఎటు కదలాలనుకుంటుందో అటే కదిలించేవారు, బలం పెట్టేవారు కాదు. నోరు మాత్రం అట్లా ఉండేది కాదు. "నీ భాష సర్దుకోవాలమ్మా. డాక్టరు ఏంది, ఎట్లున్నది అంటే రోగికి గురి కుదరదు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. మండినా సర్దుకున్నాను. ఇంట్లో ఒక భాష, తెల్లకోటు వేసుకున్నాక ఇంకో భాష.

ఉమ్ము

మా మొదటి పోరాటం ఉమ్ముతో. నోట్లో నెత్తురు ఊరితే మింగకూడదని మన వాళ్లకు ఎంత పట్టుదలో. పన్ను తీసి, గుంత మీద గుడ్డ ముక్క పెట్టి కరిచి పట్టుకోమంటే, బయట మెట్లు దిగకముందే గుడ్డ తీసి పారేసి ఉమ్మడం మొదలుపెట్టేవారు. ఉమ్మినకొద్దీ నెత్తురు వస్తుంది. వచ్చినకొద్దీ భయంతో ఇంకా ఉమ్ముతారు. ఆపైన పుక్కిలిస్తారు, బీడీ లాగుతారు. పేరుకోవాల్సింది పేరుకోదు.

అట్లా ఒక బట్టల దుకాణం సేటు చెవి పట్టుకొని వచ్చాడు. లావుపాటి, నవ్వుమొగం మనిషి. ఆ పూట మొగం నల్లబడిపోయి ఉంది.

"చెవుల ఎవడో మేకు కొడుతున్నట్టున్నదమ్మా. పన్నే లేనప్పుడు నొప్పేంది? పరేషానైపోతున్న" అన్నాడు.

శేషగిరి గారు దీపం వంచి నన్ను చూడమన్నారు. గుంత ఖాళీగా ఉంది. అడుగున ఎముక తెల్లగా, ఏ ఆచ్ఛాదనా లేకుండా కనిపిస్తోంది. బతికున్న మనిషి నోట్లో ఎముకను అట్లా చూడటం నాకు అదే మొదలు. గోరువెచ్చని ఉప్పు నీళ్లతో మెల్లగా కడిగి, లవంగ నూనెలో తడిపిన గుడ్డపేలిక గుంతలో పెట్టాం. నొప్పి తగ్గేదాకా అది మారుస్తూ పోయాం. మానడానికి మామూలు కంటే చాలా రోజులు పట్టింది. సేటు ఆ తర్వాత మా మెట్ల మీద ఎవరైనా ఉమ్మితే తానే తిట్టేవాడు.

అప్పుడు శేషగిరి గారు ఒక పాఠం తయారు చేశారు. నేనూ, కాంపౌండర్ యూసుఫ్ భాయ్ దాన్ని బట్టీ పట్టాలి. ప్రతి రోగికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. "పన్ను తీసిన చోట గడ్డ కడుతుంది. ఆ గడ్డ నిలిస్తేనే గాయం మానుతుంది. గడ్డను కదపవద్దు, ముట్టవద్దు, కడగవద్దు." ఇంత చిన్న పాఠం. బాగా పనిచేసింది కూడా. చెవి పట్టుకొని వచ్చేవాళ్లు తగ్గారు. మేం ముగ్గురం మాలో మేం మురిసిపోయాం.

లచ్చవ్వ

బచ్చన్నపేట దగ్గరి ఒక పల్లె నుంచి లచ్చవ్వ అనే పిల్ల వచ్చింది. పిల్ల అనే అంటాను, ఇరవై దాటి ఎంతో కాలేదు. చంకలో పాలు తాగే బిడ్డ. వెంట భర్త రాజయ్య, అత్త ఎల్లవ్వ. చెలకలో ఆముదాలు, జొన్నలు వేసుకొని, మిగతా రోజులు కూలికి పోయే ఇల్లు. కింది జ్ఞానదంతం అడ్డం తిరిగి మాటిమాటికీ చీము పడుతోంది. వాపు తగ్గడానికి మందులిచ్చి, తగ్గాక రమ్మని, నేనే పన్ను తీశాను. శేషగిరి గారు పక్కన నిలబడి చూశారు. చక్కగా వచ్చింది.

పాఠం అప్పజెప్పాను. రాజయ్య తల ఊపుతున్నాడు గానీ వినడం లేదు. వింటున్నది ఎల్లవ్వ. ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో చూడగానే తెలిసిపోయింది.

"గడ్డ కడ్తది అంటవు" అంది.

"కడుతుంది అవ్వా. కట్టాలి."

"అది నిలవాలె."

"నిలవాలి. నిలిస్తేనే మానుతుంది."

"ముట్టద్దు, కదిలియ్యద్దు."

"అవును."

"సరే బిడ్డా. నేను చూసుకుంట. నా కోడల్ని ఎవ్వల్ని ముట్టనియ్య."

ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు మాకు తక్కువ. వాళ్లు మెట్లు దిగాక, "ఆ ముసలామె ఉంటే చాలు, మనం అక్కరలేదు" అని యూసుఫ్ భాయ్‌తో అన్నాను కూడా.

వారం తిరిగేసరికి, అంగడి రోజు పొద్దున, వాళ్లు బస్సు దిగి వచ్చారు. లచ్చవ్వ మెడ ముందుకు చాచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ నడుస్తోంది. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాల చొంగతో తడిసిపోయి ఉంది. మింగలేకపోతోందన్నమాట. దవడ కింద రెండు పక్కలా వాచి, మెడా గదవా కలిసిపోయాయి.

ఎల్లవ్వ మొగంలో భయం లేదు. పని బాగా చేసుకొచ్చిన మనిషిలాగా నా ముందు నిలబడింది.

"గడ్డ మంచిగ నిలిచింది బిడ్డా. రోజురోజుకు పెరిగింది. పసరు కడ్తమని వచ్చిండ్రు, వద్దన్న. కాపడం పెడ్తమన్నరు, వద్దన్న. ఎవ్వల్ని ముట్టనియ్యలే. కాకపోతే నిన్నటి సంది నీళ్లు గూడ దిగుతలేవు. గిట్లనే ఉంటదా అని అడుగుదమని తెచ్చినం."

నేను చెయ్యి వేసి చూశాను. దవడ కింద కర్ర ముట్టుకున్నట్టు ఉంది. నోరు తెరవమంటే వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. ఆ సందులోంచి నాలుక పైకి లేచి అంగిలికి ఆనుకొని కనిపించింది. ఊపిరి గరగర అంటోంది. చంటిబిడ్డ రాజయ్య భుజం మీద ఏడుస్తుంటే ఆ పిల్ల అటు చూసి ఏదో అనబోయింది, మాట రాలేదు.

యూసుఫ్ భాయ్ ఆమెను బల్ల మీద పడుకోబెట్టబోయాడు. శేషగిరి గారు గది అవతలి నుంచి అరిచారు, "పడుకోబెట్టకు!" ఆయన అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే. పడుకోబెడితే నాలుక వెనక్కి పోయి ఊపిరి ఆగిపోతుంది. ఇది మీరు ఎన్ని మరిచినా గుర్తుపెట్టుకోండి. దవడ కింద గట్టిగా వాచి, మింగలేక చొంగ కారుస్తున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

వరంగల్ పెద్ద దవాఖానకు పంపాలి. రైలుకు ఇంకా చాలా సేపుంది. ఎవరిదైనా జీపు దొరికినా గతుకుల రోడ్డు. ఆ ఊపిరి అంతదూరం వస్తుందని నాకు నమ్మకం లేదు. ఇక్కడే దవడ కింద కోసి చీము వదలాలి. మా దగ్గర మత్తు డాక్టరు లేడు, ఆక్సిజన్ లేదు. కుర్చీలోనే పోవచ్చు.

శేషగిరి గారు నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మాయ్, ఈ పిల్ల నా చేతిలో పోతే వీధి వీధంతా నా మీదికి వస్తుంది."

గోడకు ఆనించిన బోర్డు నాకు కళ్లముందు కనిపించింది. ఆయన భయం అబద్ధం కాదు. అయినా నాకు కోపం వచ్చింది, ఆ కోపంలో నా ఇంటి భాష వచ్చింది.

"వరంగల్ తొవ్వల పాణం పోతే ఎవ్వలు రారు సార్. తల్లి పోయిన పోరడొక్కడే మిగుల్తడు."

ఆయన నన్ను చూశారు. యూసుఫ్ భాయ్ వైపు చెయ్యి చాచి కత్తి అడిగారు.

నేను కుర్చీ వెనక నిలబడి లచ్చవ్వ తలను నా గుండెకు ఆనించి నిటారుగా పట్టుకున్నాను. చీము పట్టిన చోట మత్తు సూది సరిగ్గా పనిచేయదు. కోత నొప్పి ఆమెకు తెలిసింది. అరవడానికి నోరు లేదు, ముక్కుతో ఒక మూలుగు వచ్చింది, అది నా ఎముకల్లోకి వినపడింది. ఆయన కోశారు. ఏమీ రాలేదు. కొంచెం నెత్తురు, అంతే. ఆయన మొద్దు పటకారు లోపలికి, పైకి పోనిచ్చి, మెల్లగా తెరిచారు. అప్పుడు చీము వచ్చింది. గదంతా వాసన. యూసుఫ్ భాయ్ ముక్కుకు దస్తీ కట్టుకున్నాడు. నేను ఊపిరినే వింటున్నాను. గరగర కొంచెం పలచబడింది. ఇంకొంచెం. నా చేతుల మధ్య ఆ మెడ ఒక పెద్ద శ్వాస తీసింది.

చీము కారిపోవడానికి కోతలో రబ్బరు పేలిక పెట్టి, పెన్సిలిన్ ఇచ్చి, బియ్యం వ్యాపారి జీపు అడిగి వరంగల్ బయలుదేరాం. లచ్చవ్వను ముందుకు వంచి పట్టుకొని నేను కూర్చున్నాను. దారి పొడవునా ఆమె నా మణికట్టు వదల్లేదు. గతుకు వచ్చినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టి ఆమె ఊపిరి కోసం విన్నాను. ఎన్ని గతుకులో నాకు లెక్క లేదు.

బతికింది. చాలా రోజులు ఆ దవాఖానలోనే ఉండి బతికింది. చూడటానికి పోయినప్పుడు చాయ్ తాగుతూ కనిపించింది. బయట వరండాలో ఎల్లవ్వ బిడ్డను ఊపుతూ కూర్చుంది. నన్ను చూసి కోపం చేయలేదు. అర్థం కాని లెక్కను అయ్యవారిని అడిగినట్టు అడిగింది.

"గడ్డ నిలవాలె అంటివి గదా బిడ్డా. నేను నిలవనిచ్చిన. యాడ తప్పయింది?"

తోడు

ఆ ప్రశ్నను తెచ్చి శేషగిరి గారి ముందు పెట్టాను. ఆయన వెళ్లి రోగుల కుర్చీలో కూర్చున్నారు.

"మీ వైపు గడ్డ అంటే ఏమిటి?"

"చంకల లేసినా గడ్డే, మెడకు లేసినా గడ్డే, చీము పట్టినా గడ్డే సార్."

"మాకూ అంతే కదమ్మా" అన్నారు. "మరి మనకెందుకు తట్టలేదు?"

ఆయనే జవాబు చెప్పుకున్నారు. మనం గుంతను చూస్తూ అన్నాం, వాళ్లు దవడను చూస్తూ విన్నారు అని. నాకు ఇప్పటికీ అంతకంటే మంచి జవాబు దొరకలేదు. దవడ కింద గడ్డ లేచింది. గడ్డ నిలవాలని డాక్టరమ్మ చెప్పింది. ఎల్లవ్వ దాన్ని కళ్లలో వత్తులు వేసుకొని కాపాడింది. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఆమె ఒక్కతే. చేయకుండా పసరు కట్టించినా, ఏడ్చి మొత్తుకొని ముందే తెచ్చినా ఆ పిల్లకు అంత గండం ఉండేది కాదేమో. మాట వినని రోగితో మనకు చికాకు. మాట వినే రోగిని చూసి భయపడటం నేర్చుకోండి.

"మీ ఇంట్లో దీన్ని ఎట్లా చెబుతారు?" అని శేషగిరి గారు అడిగారు. ఆయన నన్ను నా భాష అడగడం అదే మొదటిసారి.

"నెత్తురు తోడుకోవాలె అంటం సార్. పెరుగు తోడుకున్నట్టు. తోడుకునే దాకా కుండ కదిలియ్యద్దు."

"తోడుకోవాలె" అని ఆయన రెండు మూడుసార్లు అనుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన నోట అదే మాట. ఆయన యాసలో అది వింతగా ఉండేది. రోగులు నవ్వేవారు. నవ్వినా అర్థమయ్యేది, పెరుగు తోడు పెట్టని ఇల్లు ఏదీ లేదు కదా. పాఠానికి రెండో సగం కూడా కలిపాం. మొదటి పాఠంలో ఏది మంచిదో చెప్పాం గానీ ఏది చెడ్డదో చెప్పలేదు. మూడో నాటి తర్వాత వాపు తగ్గాలె. పెరిగిందా, నోరు తెరవొస్తలేదా, మింగొస్తలేదా, జరం వచ్చిందా, ఆ గడియకే రావాలె. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లు నోట్లో పోసుకొని తల వంచాలె, అవే కారిపోవాలె, ఉమ్మొద్దు.

ఇంకొకటి నేను సొంతంగా పెట్టుకున్నాను. చెప్పడం అయ్యాక, "యాడ తోడుకోవాలె? వేలు పెట్టి చూపియ్యి" అని అడుగుతాను. ఎల్లవ్వ నా మాటలన్నీ నాకు తిరిగి అప్పజెప్పింది, ఒక్కటీ తప్పులేదు. వేలు పెట్టి చూపించమని ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

శేషగిరి గారి గురించి నన్ను అడిగితే, మంచి డాక్టరు, పిరికి మనిషి, నా భాషను చిన్నచూపు చూసిన మనిషి. మూడూ నిజమే. ఆ పిరికితనంతోనే ఆ రోజు కత్తి అందుకున్నారు. నేను ఆయనను క్షమించానా అంటే, బోర్డు తిరిగి ఎక్కించిన రోజు నిచ్చెన పట్టుకున్నది నేనే.

మానుకోట

తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చి కొన్నేళ్లు మహబూబాబాద్‌లో పనిచేశాను. మేం మానుకోట అనేవాళ్లం. అక్కడ నన్ను ఏడిపించింది పత్యం. ఏ మందు మింగినా, ఏ గాయమైనా నోరు కట్టేసుకోవాలని పట్టింపు. పన్ను తీయించుకున్న మనిషి పెరుగు ముట్టడు, గుడ్డు ముట్టడు, పప్పు ముట్టడు. నెలకు నెల జావ మీద ఉంటాడు. ఒక రైల్వే గ్యాంగ్‌మన్ అట్లా పత్యం ఉండి ఉండి గుంత పూడక మళ్లీ వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి.

"ఏం తింటున్నవ్?"

"ఏం తింటలేనమ్మా, పక్కా పత్యం ఉంటున్న."

"ఎముక దేంతోని నిండాలె మరి, గాలితోనా?"

గట్టిగానే తిట్టాను. మెత్తగా ఉడికించి గుడ్డు, పప్పు, పాలు, ఆకుకూర తినమని, కారం, బీడీ, కల్లు మాత్రమే మానమని చెప్పాను. కొన్నాళ్లకు గుంత పూడింది. కొత్త పిల్లలు మందుచీటీలో పేర్లు రాసినంత శ్రద్ధగా తిండి గురించి చెప్పరు. మందు వారంలో అయిపోతుంది. ఎముక నిండేది అన్నంతోనే.

మానుకోటలోనే నాకు అసలు భయం పట్టుకుంది. రోగి తిరిగి రాకపోవడం. వచ్చినవాణ్ని చూడొచ్చు, తిట్టొచ్చు, కోయొచ్చు. రానివాడు మానాడా, పోయాడా? ఫోన్లు లేవు. మంచిగయ్యాక దవాఖాన గడప తొక్కడం మన దగ్గర ఎవరికీ ఇష్టం ఉండదు, కోరి రోగాన్ని పిలిచినట్టు అనుకుంటారు. "మానినా ఒకసారి వచ్చి నోరు చూపియ్యుండ్రి" అని బతిమాలేదాన్ని. సగం మంది వచ్చేవారు కాదు. ఆ సగం మంది నా కలల్లోకి వచ్చేవారు.

రేగొండ

ఎనభైల్లో భూపాలపల్లి వైపు పోయాను. వారానికోసారి రేగొండలో ఒక అద్దె గదిలో కూర్చునేదాన్ని. ఒక వారం వరసలో ఒక ఆడమనిషి కూర్చొని నన్నే చూస్తోంది. గదవ కింద పాత గాటు. ఆ కోత నాకు తెలుసు.

"గుర్తుపట్టినవా డాక్టరమ్మా?"

లచ్చవ్వ. బచ్చన్నపేటలో బావి ఎండిపోయి, చెలక వదిలి, మొగుళ్లపల్లి దగ్గర తన తల్లిగారి ఊళ్లో కౌలుకు చేస్తున్నారట. అప్పుడు తండ్రి భుజం మీద ఏడ్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడట. ఆమె రెండో పక్క చెంప వాచి ఉంది. చూశాను. ఈ పక్కదీ జ్ఞానదంతమే, అట్లాగే అడ్డం.

"వరంగల్ పో, నేను చీటీ రాసిస్తా" అన్నాను. అక్కడైతే అన్నీ ఉంటాయి. అసలు సంగతి, నాకు ఆ నోట్లో చెయ్యి పెట్టే ధైర్యం లేదు.

"నువ్వే తియ్యి" అంది. "నాకు భయమే. కొత్తోళ్ల దగ్గర ఇంకా భయం."

వాపు తగ్గించి, తర్వాతి వారం తీశాను. తీస్తున్నంతసేపూ నా చెవులు ఆమె ఊపిరి మీదే. పన్ను ముక్కలుగా వచ్చింది, కుట్లు పడ్డాయి. కుండ సంగతి చెప్పాను. రెండో సగం రెండుసార్లు చెప్పాను. వేలు పెట్టి చూపించమన్నాను. సరిగ్గా గుంత దగ్గరే చూపించింది.

"వచ్చే వారం రావాలె. కుట్లు తియ్యాలె. మంచిగున్నా రావాలె, లచ్చవ్వా. ఒట్టు."

"వస్త."

మరుసటి వారం రాలేదు. ఉన్నవాళ్లందరినీ చూశాను, చివరికి బయటి బెంచీ ఖాళీ అయింది. వాకిట్లోకి వచ్చి రోడ్డు చూశాను. మింగలేక, మాట రాక, ఏ మంచం మీదనో మెడ చాచి కూర్చున్న లచ్చవ్వ కళ్లముందు నిలబడింది. ఒట్టు పెట్టుకున్న మనిషి ఎందుకు రాదు? మూడో నాడు వాచిందా? ఎవరైనా పడుకోబెట్టారా? సంచీలో కత్తి, పటకారు, పెన్సిలిన్ వేసుకొని మొగుళ్లపల్లి బస్సెక్కాను. బస్సు ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. శేషగిరి గారు గుర్తొచ్చారు. వాళ్లు మానారో లేదో చూడకుండా ఎలా వెళ్తాను అన్న మాటను మొండితనం అనుకున్నానే, అది భయం.

బస్సు దిగి ఇల్లు అడిగాను. చెప్పిన మనిషి మొగంలోకి చూడలేకపోయాను. వాకిట్లో ఎవరూ లేరు. పొయ్యి వెలిగి లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప మీద ఎల్లవ్వ కూర్చుంది, బాగా ముసలిదైపోయింది. నన్ను చూసి లేవలేదు. పెదవుల మీద వేలు పెట్టింది.

"అవ్వా, లచ్చవ్వ ఏది?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా" అంది గుసగుసగా. "లోపట ఉన్నది."

తలుపు తోసి పోయాను. చీకటి గదిలో మంచం. తల కింద దిండ్లు ఎత్తుగా పేర్చి ఉన్నాయి, తలకు రెండు పక్కలా బట్టల మూటలు కదలకుండా ఆనించి ఉన్నాయి. మధ్యలో లచ్చవ్వ, కదలకుండా, కళ్లు మూసుకొని. నేను గదవ కింద చెయ్యి పెట్టాను. మెత్తగా ఉంది. చల్లగా లేదు, కాలడం లేదు. కళ్లు తెరిచింది.

"వచ్చినవా డాక్టరమ్మా" అంది, పెదవులు కదిలీ కదలనట్టు.

"ఎందుకు రాలే? పాణం పోయినంత పనైంది నాకు."

"బస్సుల కుదుపుతది గదా. తోడుకునే దాకా కుండ కదిలియ్యద్దంటివి."

వెనక నుంచి ఎల్లవ్వ అందుకుంది. "నవ్వనిస్తలేను గూడ. జావలల్ల గుడ్డు కలిపి నేనే తాగిపిస్తున్న. మల్ల తప్పయితే ఎట్ల బిడ్డా?"

టార్చి వేసి నోరు తెరవమన్నాను. పూర్తిగా తెరిచింది. చిగురు గులాబీ రంగులో, కుట్ల మధ్య అంచుకు అంచు కలుస్తోంది. చీము లేదు, వాసన లేదు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"ఎప్పటిసంది పండుకున్నవే ఇట్ల?"

"నువ్వు పన్ను తీసిన కాన్నుంచి."

"పనికి పోకుండ? మరి ఎప్పుడు లేద్దామనుకున్నవ్?"

లచ్చవ్వ అత్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"తోడుకున్నదని నువ్వు వచ్చి చెప్తవని చూస్తున్న."

నేను లేచి చెయ్యి చాచాను. అప్పుడు జీపులో పట్టుకున్నట్టే నా మణికట్టు పట్టుకుంది.

"తోడుకున్నది. లే బిడ్డా" అన్నాను.